మన నీటిలో పొట్టి సిక్లిడ్లు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

గుప్పీలు, గోల్డ్‌ఫిష్‌లు పెంచి చెయ్యి తిరిగినవారు ఆ తరువాత ఏ చేపను తెచ్చుకోవచ్చునో చెబుతూ గత సంచికలో పొట్టి సిక్లిడ్ల గురించి కొంత రాశాను. వేలెడంత ఉండే ఈ చేపలు జతకట్టి, గుడ్లు పెట్టి, వాటికి కాపలా కాసి, పిల్లలను వెంటబెట్టుకుని తిప్పుతాయనీ, రెండడుగుల గాజుతొట్టెలోనే ఆ సంసారమంతా కళ్లారా చూడవచ్చుననీ అందులో చెప్పాను. దానిపై విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల నుంచి చాలా ఉత్తరాలు వచ్చాయి. చేపలు చనిపోయాయని బాధపడుతూ రాసినవారే ఎక్కువ. ఆ ఉత్తరాలను వరుసగా చదివితే చాలామంది ముందు చేపను కొని, తరువాత నీటి సంగతి ఆలోచించారని అర్థమైంది. అందుకే ఈసారి జవాబులలో నీటి ప్రస్తావన పదేపదే వస్తుంది.

ప్రశ్న: విశాఖపట్నంలో ఒక దుకాణంలో నీలం రంగులో మెరిసే రామ్ చేపలను చూసి మా అబ్బాయి ముచ్చటపడితే ఒక జత కొన్నాము. ఇంట్లో గుప్పీలు పెరుగుతున్న తొట్టెలోనే, అదే బోరు నీటిలో వదిలాము. ఎనిమిది రోజులలో రెండూ పోయాయి. గుప్పీలు మాత్రం మూడేళ్లుగా పిల్లలు పెడుతూనే ఉన్నాయి. తప్పు ఎక్కడ జరిగింది? మొదటిసారి పెంచేవారికి ఏ చేప నయం?
— ఒక గృహిణి, బొబ్బిలి

జవాబు: అమ్మా, మీ గుప్పీలు మూడేళ్లుగా సుఖంగా ఉండడమే రామ్ చేపలు ఎందుకు పోయాయో చాలావరకు చెబుతోంది. గుప్పీలకు లవణాలు ఎక్కువగా ఉన్న కఠిన జలం పడుతుంది. రామ్ చేప పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని వెనెజులా, కొలంబియా దేశాలలో, ఒరినోకో నది పరీవాహక ప్రాంతంలో ఉన్న పచ్చిక మైదానాలు. అక్కడి వాగుల్లో, కుంటల్లో ఉండేది దాదాపు వాన నీరే కాబట్టి అందులో సున్నం చాలా తక్కువ, కొద్దిగా ఆమ్ల గుణం ఉంటుంది, పైగా అది వెచ్చని నీరు. ఈ రోజుల్లో దుకాణాలకు వచ్చే రామ్ చేపలు చాలావరకు పెంపక కేంద్రాల్లో పుట్టినవే. వాటికి కొంత ఓర్పు అలవడినా, చెన్నై నుంచో కోల్‌కతా నుంచో ఆక్సిజన్ నింపిన కవర్లలో ప్రయాణం చేసి, విశాఖ దుకాణంలో రెండు రోజులు ఉండి, మళ్లీ బొబ్బిలి దాకా వచ్చిన చేప ఒక్కసారిగా కఠిన జలంలో పడితే తట్టుకోవడం కష్టం. మీ పెంపకంలో లోపమేమీ లేదు. ఆ చేప మీ నీటికి తగినది కాదు, అంతే.

మీ నీరు ఎలాంటిదో తెలుసుకోవడానికి ప్రయోగశాల అక్కరలేదు. ఆ నీటిలో కందిపప్పు సరిగా ఉడకకపోయినా, సబ్బు నురగ రాకపోయినా, బకెట్ అంచున తెల్లటి పెళుసు పొర కడుతున్నా అది కఠిన జలమే. అంకె కావాలంటే వాటర్ ప్లాంటువారి దగ్గర ఉండే టీడీఎస్ మీటరును నీటిలో ముంచి చూడమనండి. నీటిలో కరిగి ఉన్న లవణాలన్నిటినీ కలిపి అది లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములని చూపిస్తుంది. కాఠిన్యాన్ని అది విడిగా చెప్పకపోయినా మనం ఒక నిర్ణయానికి రావడానికి సరిపోతుంది. పొట్టి సిక్లిడ్లలో ఏ రకం ఏ నీటికి తగినదో నేను పెట్టుకున్న లెక్క ఇది: 300 దాటితే క్రిబెన్సిస్, 150 నుంచి 300 లోపు ఉంటే కాకాటూ అపిస్టో లేదా బొలీవియా రామ్, 100 చుట్టుపక్కల గానీ అంతకంటే తక్కువ గానీ ఉంటేనే మీరు కొన్న నీలి రామ్.

మొదటిసారి పెంచేవారికి నేను క్రిబెన్సిస్‌నే సూచిస్తాను. దుకాణాల్లో దీన్ని క్రిబ్ అంటారు, శాస్త్రీయ నామం పెల్వికాక్రోమిస్ పుల్కర్. ఇది పశ్చిమ ఆఫ్రికాలో, ముఖ్యంగా నైజీరియా దక్షిణ ప్రాంతపు వాగుల్లో పుట్టిన చేప. కామెరూన్ తీరంలోని క్రిబి అనే ఊరి పేరు నిజానికి దీని దగ్గరి బంధువుకు చెందాలి, వ్యాపారంలో దీనికి అంటుకుపోయింది. మగది పది సెంటీమీటర్ల వరకు పెరుగుతుంది, ఆడది అంతకంటే పొట్టి. ఈడుకొచ్చిన ఆడ చేప పొట్ట నేరేడు పండు రసం పూసినట్లు ఎర్రటి ఊదా రంగుకు తిరిగి, మగదాని ముందు ఒళ్లు వంచి ఆ పొట్టను చూపిస్తుంది. సిక్లిడ్లలో చాలావాటికి మగదే వన్నెకాడు కాగా ఇక్కడ వరసలు తారుమారు కావడం నాకెంతో ముచ్చటగా ఉంటుంది. మన బోరు నీటిని ఓర్చుకునే శక్తి దీనికి బాగా ఉంది.

అయినా మీ అబ్బాయి మనసు నీలి రామ్ మీదే ఉంటే, వాటర్ ప్లాంటు నీటిని బోరు నీటితో కలిపి వాడవచ్చు. ఉదాహరణకు మీ బోరు నీరు 600, ప్లాంటు నీరు 50 చూపిస్తుంటే, ఒక పాలు బోరు నీటికి మూడు పాళ్లు ప్లాంటు నీరు కలిపితే సుమారు 190కి వస్తుంది. కాకాటూకు అది చక్కగా సరిపోతుంది. నీలి రామ్‌కు బోరు పాలును ఇంకా తగ్గించాలి. ఉత్త ప్లాంటు నీటిలో మాత్రం ఏ చేపనూ ఉంచకండి, దాని ఒంటికి కొన్ని లవణాలు అవసరం. ఎంచుకున్న పాళ్లను ప్రతి వారం నీరు మార్చేటప్పుడూ అలాగే పాటించాలి. ఈ వారం ఒక రకం నీరు, వచ్చే వారం మరొక రకం నీరు పోయడం కంటే, కాస్త ఎక్కువ టీడీఎస్ ఉన్నా నిలకడగా ఉండే నీరే చేపకు మేలు.

ప్రశ్న: రెండడుగుల తొట్టె కొన్నాను. ఫిల్టరు ఒక రాత్రంతా నడిపి మర్నాడు చేపలు వదలవచ్చని దుకాణదారు చెప్పారు. నిజమేనా?
— డిగ్రీ విద్యార్థి, విజయనగరం

జవాబు: నిజం కాదు. ఒక రాత్రి నడిపితే నీరు తేటపడుతుందే తప్ప తొట్టె సిద్ధం కాదు. చేప విసర్జించే మలినం నుంచీ మొప్పల నుంచీ అమోనియా పుడుతుంది, అది చేపకు విషం. ఒక జాతి బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది, అదీ విషమే. మరొక జాతి ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్ అంత ప్రమాదకరం కాదు, వారం వారం నీరు మారిస్తే అదుపులో ఉంటుంది. ఈ రెండు జాతుల బాక్టీరియా ఫిల్టరు స్పాంజిలోనూ ఇసుకలోనూ స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆ లోపల చేపలు వదిలితే అవి తమ విషంలో తామే ఈదుతాయి. మన బోరు నీటిలాగా క్షార గుణం ఉన్న నీటిలో, వేసవి వెచ్చదనంలో, అమోనియా మరింత తీవ్రంగా పనిచేస్తుందన్నది కూడా గుర్తుంచుకోవాలి.

మీరు చేయవలసింది ఇది. తొట్టెలో ఇసుక, రాళ్లు, మొక్కలు అమర్చి, స్పాంజి ఫిల్టరు నడుపుతూ, చేపలు లేకుండానే రోజూ చిటికెడు మేత వేయండి. అది కుళ్లి అమోనియా ఇస్తుంది, బాక్టీరియాకు అదే ఆహారం. స్నేహితుల ఇంట్లో రోగాలు లేని పాత తొట్టె ఉంటే, దాని స్పాంజిని మీ తొట్టె నీటిలో పిండండి. నీరు మురికిగా కనిపించినా అదే మీకు తోడు, ఆరు వారాల పని రెండు మూడు వారాల్లో అయిపోవచ్చు. పరీక్ష కిట్టులో అమోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించి నైట్రేట్ కనిపించిన రోజున చేపలు తెచ్చుకోండి. కుళాయి నీరు వాడేవారు దాన్ని వెడల్పాటి తొట్టెలో ఒక రోజంతా నిల్వ ఉంచి, క్లోరిన్ పోయాకే పోయాలి. ఫిల్టరు స్పాంజిని ఎప్పుడూ కుళాయి కింద కడగకండి, నెలల తరబడి పెరిగిన బాక్టీరియా ఒక్క నిమిషంలో చచ్చిపోతుంది.

అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న మీ రెండడుగుల తొట్టెలో నిండా పోస్తే దాదాపు 56 లీటర్లు పడతాయి. ఒక జత పొట్టి సిక్లిడ్లకు అది చాలు, రెండు జతలకు చాలదు. రెండో జత కోసం మీ చెయ్యి లాగుతుందని నాకు తెలుసు. గుడ్లు పెట్టిన జత తొట్టె అంతా తమదేననుకుంటుంది కాబట్టి, ఆ ఇరుకులో రెండో జత దెబ్బలు తిని మూలకు నక్కి చనిపోతుంది.

ప్రశ్న: తొట్టె అడుగున నాగావళి ఇసుక వేయవచ్చునా? గుహలకు ఏమి వాడాలి? బాదం ఆకులు వేస్తే నీరు మెత్తబడుతుందని విన్నాను.
— విశ్రాంత రైల్వే ఉద్యోగి, ఆమదాలవలస

జవాబు: నిక్షేపంగా వేయవచ్చు. పొట్టి సిక్లిడ్లకు ఇసుకను నోటితో ఎత్తి, జల్లించి, మొప్పల గుండా వదిలే అలవాటు ఉంది కాబట్టి, గరుకు కంకర కంటే సన్నటి నది ఇసుకే వాటికి హాయి. కడిగిన నీరు తేటగా వచ్చేదాకా బకెట్లో పదిసార్లయినా కడగండి. తరువాత గుప్పెడు ఇసుకను ఆరబెట్టి దానిపై నిమ్మరసం పిండండి. బుసబుసమని పొంగితే అందులో గుల్లల సున్నం ఉన్నట్టు, ఆ ఇసుక వద్దు. రాళ్లనూ ఇలాగే పరీక్షించాలి. కళింగపట్నం తీరం నుంచో భీమిలి నుంచో తెచ్చిన సముద్రపు ఇసుకలో గుల్లల ముక్కలు ఉండక తప్పవు, దాన్ని వాడకండి.

గుహకు పీచంతా తీసి, కొబ్బరి గీరేసి, నీరు రంగు మారకుండా వచ్చేదాకా ఉడికించిన కొబ్బరి చిప్పకు మించినది లేదు. అంచున రెండు వేళ్లు పట్టేంత కంత కొట్టి ఇసుకలో బోర్లించండి. రంగు వేయని మట్టి పిడతను పక్కకు పడుకోబెట్టినా సరే. జతకు ఒక్క గుహ కాకుండా మూడు నాలుగు ఉండాలి, అప్పుడే ఆడది తనకు నచ్చినదాన్ని ఎంచుకుంటుంది. నీలి రామ్ మాత్రం గుహలో కాకుండా బల్లపరుపు రాతి మీదనో ఇసుకలో తవ్విన పల్లంలోనో గుడ్లు పెడుతుంది.

బాదం ఆకుల గురించి మీరు విన్నది సగం నిజం. మన వీధుల్లో ఎర్రబడి రాలే బాదం ఆకును ఎండబెట్టి, కడిగి, రెండు మూడు వేస్తే నీరు టీ రంగుకు తిరుగుతుంది. ఆ రసంలోని టానిన్లు బూజును కొంత అదుపు చేస్తాయి, బెదురు చేపలకు నీడనూ ఇస్తాయి. అయితే కఠిన జలంలోని బైకార్బొనేట్లు ఆ కొద్దిపాటి ఆమ్లాన్ని అప్పటికప్పుడే మింగేస్తాయి కాబట్టి, బోరు నీటిలో ఎన్ని ఆకులు వేసినా రంగు మారుతుందే గాని కాఠిన్యం తగ్గదు. వాన నీరు పట్టుకునే వీలుంటే, మొదటి రెండు జల్లులకు డాబా కడిగిపోయాక శుభ్రమైన డ్రమ్ములో పట్టి దాచుకోండి. మృదు జలం అంతకంటే చవకగా ఎక్కడా దొరకదు.

ప్రశ్న: మా క్రిబెన్సిస్ జత కొబ్బరి చిప్పలో మూడుసార్లు గుడ్లు పెట్టింది. రెండుసార్లు మర్నాటికే గుడ్లు లేవు. మూడోసారి పిల్లలు ఈదుతూ బయటికి కూడా వచ్చి, రెండు రోజుల్లో మాయమయ్యాయి. తల్లే తినేసిందని మా ఇంట్లో అందరూ దాన్ని తిడుతున్నారు. తొట్టెలో ఆరు నియాన్ టెట్రాలు, ఒక సక్కర్ చేప, మూడు కోరీ చేపలు ఉన్నాయి.
— ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయురాలు, నరసన్నపేట

జవాబు: ఆ తల్లిని తిట్టకండి మేడం. గుడ్లు పెట్టిన మూడు ఈతల్లోనూ అది చేయగలిగినదంతా చేసిందనే మీ ఉత్తరం చదివాక నాకు అనిపిస్తోంది.

మొదటి రెండు ఈతల సంగతి చూద్దాం. కొత్త జతలు తొలి ఈతలో గుడ్లను తినేయడం సాధారణం. గుడ్లలో కొన్నిటికి మగదాని బీజం తగలక అవి తెల్లబడి బూజు పడతాయి. వాటిని ఏరి తినడం తల్లి విధుల్లో ఒకటి, ఎందుకంటే ఆ బూజు పక్క గుడ్లకు పాకుతుంది. అనుభవం లేని తల్లి చెడ్డవాటితో పాటు మంచివాటినీ తినేస్తుంది. మనుషులు పదేపదే చిప్ప ఎత్తి చూసినా, టార్చి లైటు లోపలికి వేసినా, తన సంతానానికి ఇక రక్షణ లేదని అది అనుకుని తినేస్తుంది. మీ పిల్లలు, బహుశా మీ విద్యార్థులు కూడా, ఆత్రంగా తొంగి చూసి ఉంటారని ఊహిస్తున్నాను. గుడ్లు పెట్టిన సంగతి తెలుసుకోవడానికి చిప్ప ఎత్తవలసిన అవసరం లేదు. ఆడది లోపలికి దూరి బయటికి రావడం మానేసి, మగది గుమ్మం దగ్గర పహరా కాస్తూ ఎవరు దగ్గరికి వచ్చినా తరుముతుంటే గుడ్లు ఉన్నట్లే.

మూడో ఈత సంగతి వేరు. పిల్లలు ఈదే దశకు వచ్చాయంటే తల్లిదండ్రులు తమ పని నేర్చుకున్నట్టు. నీరు 26, 27 డిగ్రీలు ఉంటే గుడ్లు రెండు మూడు రోజుల్లో పగులుతాయి. ఆపై నాలుగైదు రోజులు పిల్లలు ఈదలేక, పొట్టకింది సొన సంచిని తింటూ గుహలో కుప్పగా తోకలాడిస్తూ ఉంటాయి. అప్పుడు తల్లి వాటిని నోటిలోకి తీసుకుని ఇసుకలో తవ్విన మరో గుంటకు మార్చడం కద్దు. మొదటిసారి చూసేవారు తినేసిందనే భయపడతారు. పిల్లలు ఈదడం మొదలుపెట్టాక ఆ దంపతులు వాటిని ఇసుక మీద మేపుకుంటూ తిప్పి, చీకటి పడేసరికి గుహలోకి తోలుతారు. ప్రమాదం సరిగ్గా ఈ దశలోనే. టెట్రాలు పగలు గుంపు అంచున తిరిగే పిల్లలను ఒక్కొక్కటిగా ఏరుకుంటాయి. కోరీలూ సక్కరూ రాత్రి వేళ మేస్తాయి. సిక్లిడ్లు చీకట్లో సరిగా చూడలేవు, కోరీకి మాత్రం మీసాలతో తడిమి వెతకడానికి వెలుతురుతో పని లేదు. తెల్లవారేసరికి గుంపు సగమై ఉండడానికి కారణం చాలా ఇళ్లలో ఇదే.

కాబట్టి ఈసారి ఈతకు ముందే కోరీలనూ సక్కరునూ వేరే తొట్టెకు మార్చండి. టెట్రాలు కూడా వెళ్లిపోతే మంచిదే. అయితే శత్రువు ఎవరూ కనిపించకపోతే కొన్ని జతలు ఒకదానితో ఒకటి కొట్లాడుకోవడం నేను చూశాను, అందుకని మీ ఆరింటిలో రెండింటిని ఉంచినా ఫరవాలేదు. రాత్రి తొట్టె లైటు ఆర్పాక గదిలో ఒక చిన్న జీరో వాట్ బల్బు వెలుగుతూ ఉంటే తల్లి తన పిల్లలను చూసుకోగలుగుతుంది. పిల్లలు ఈదడం మొదలైన రోజు నుంచే వాటికి సరైన మేత అందాలి, ఆకలితో నీరసించిన పిల్ల రెండో రోజుకే అడుగున పడిపోతుంది. అదెలాగో తరువాతి జవాబులో చూడండి.

క్రిబ్ దంపతులు ఇద్దరూ పిల్లలను సాకుతాయి. కాకాటూ అపిస్టో కొన్నవారికి మరో మాట చెప్పాలి. అక్కడ గుడ్లు పెట్టాక తల్లి నిమ్మపండు పసుపు రంగుకు తిరిగి, నల్ల మచ్చలు తేల్చుకుని, తనకంటే రెట్టింపున్న మగదాన్ని కూడా గుహ చుట్టుపక్కలకు రానివ్వదు. చిన్న తొట్టెలో మగదాని రెక్కలు చినిగిపోతుంటే దాన్ని కొన్నాళ్లు వేరుచేయడమే మంచిది.

ప్రశ్న: పిల్లలకు ఉడికించిన గుడ్డు సొన పెడుతున్నాను, నీరు పాడైపోతోంది. ఆర్టీమియా పొదిగించడం ఇంట్లో సాధ్యమేనా?
— ఒక పాఠకుడు, టెక్కలి

జవాబు: సొన మానేయండి. పిల్లలు తినేది రవ్వంత, కుళ్లేది మిగతాదంతా.

ఆర్టీమియా అంటే ఉప్పు నీటి సరస్సుల్లో పుట్టే అతి చిన్న రొయ్య జాతి ప్రాణి. దాని గుడ్లు ఎండు పొడిలా డబ్బాల్లో అమ్ముతారు. లీటరు సీసాను తలకిందులుగా నిలిపి, అడుగు కోసి, అందులో లీటరు నీటికి 25 నుంచి 30 గ్రాముల ఉప్పు కరిగించి, పావు చెంచా గుడ్లు వేసి, గాలి గొట్టం మూతి దాకా దించి నిరంతరం బుడగలు వచ్చేటట్లు చూడండి. అయోడిన్ కలిపిన మెత్తటి ఉప్పు కన్నా మామూలు కల్లుప్పు మేలు. నౌపడ ఉప్పు మడులు మీకు కూతవేటు దూరంలో ఉన్నాయి కాబట్టి మీకా ఇబ్బందే లేదు. నీరు 26 నుంచి 28 డిగ్రీలుంటే 24 నుంచి 36 గంటల్లో నారింజ రంగు నలకలు ఈదుతూ కనిపిస్తాయి. గాలి ఆపి పది నిమిషాలు ఆగితే ఖాళీ పెంకులు పైకి తేలతాయి. సీసా కింది వైపు లైటు పెడితే పిల్లలు వెలుగు దగ్గర గుమిగూడతాయి. వాటిని సన్నటి గుడ్డలో వడకట్టి, మంచినీటితో ఒకసారి కడిగి, డ్రాపరుతో పిల్లల గుంపు మధ్యలో వదలండి. పొట్టలు నారింజ రంగుకు తిరిగితే కడుపు నిండినట్టు. పొదిగిన ఆర్టీమియాలో సత్తువ గంట గంటకూ తగ్గిపోతుంది, అందుకే రోజుకు సరిపడా మాత్రమే పొదిగించుకుంటూ, నేడు ఒక సీసా, రేపు ఒక సీసా అన్నట్లు రెండు సీసాలు నడపండి.

క్రిబ్, కాకాటూ పిల్లలు మొదటి రోజు నుంచే దీన్ని తినగలవు. నీలి రామ్ పిల్లల నోరు మరీ చిన్నది, వాటికి మొదటి కొన్ని రోజులు పాచి పట్టిన నీటిలోని సూక్ష్మజీవులు గానీ మైక్రోవార్మ్ అనే అతి సన్నటి పురుగులు గానీ కావాలి. దోమ పిల్లలను మేతగా పెంచుతున్నామని ఇద్దరు రాశారు. పెద్ద చేపలకు అది మంచి మేతే అయినా, డెంగీ తిరుగుతున్న ఊళ్లలో పెరట్లో నిల్వ నీరు ఉంచడం నాకు సమ్మతం కాదు.

ప్రశ్న: మే నెలలో మా కాకాటూ అపిస్టో పెట్టిన పిల్లల్లో నలభై దాకా బతికాయి. మూడు నెలలు నిండాయి, దాదాపు అన్నీ మగవే కనిపిస్తున్నాయి. ఇది వంశ దోషమా?
— ఒక పాఠకుడు, చీపురుపల్లి

జవాబు: వంశ దోషం కాదు, చాలావరకు ఎండ దోషం. ఈ చేపల్లో ఆడ మగ నిర్ణయంపై పిల్లలు పెరిగే తొలి వారాల్లోని నీటి ఉష్ణోగ్రత ప్రభావం ఉంటుంది. రూమర్, బైజెన్‌హెర్ట్స్ అనే పరిశోధకులు 1996లో ప్రచురించిన అధ్యయనంలో అనేక అపిస్టోగ్రామా జాతులను వేర్వేరు వేడిమిలో పెంచి, నీరు వెచ్చనయ్యే కొద్దీ మగవాటి పాలు పెరుగుతుందని చూపించారు. కొన్ని జాతుల్లో నీటి ఆమ్ల గుణం కూడా పనిచేస్తుంది. క్రిబెన్సిస్ విషయంలో ఆమ్ల జలంలో మగవి, తటస్థానికి దగ్గరి జలంలో ఆడవి ఎక్కువగా పుడతాయి. మే నెలలో మన తొట్టెల్లో నీరు 31, 32 డిగ్రీలకు చేరుతుంది కాబట్టి మీ ఫలితం వింత కాదు. వచ్చే ఈతను నవంబరు, ఫిబ్రవరి మధ్య పెట్టుకుని, హీటరును 26 దగ్గర ఉంచి చూడండి.

అయితే తొందరపడి లెక్క తేల్చకండి. మగవి ముందుగా ఎదిగి రంగు తేలతాయి, ఆడవి వెనక నక్కి ఉంటాయి. అణగి ఉన్న మగవి ఆడవాటిలా కనిపించడం కూడా ఉంది. మరో రెండు నెలలు ఆగాక లెక్కపెట్టండి.

ప్రశ్న: తుపాను వస్తే రోజుల తరబడి కరెంటు ఉండదు. అప్పుడు తొట్టెను ఎలా కాపాడుకోవాలి? వేసవి వేడికి ఏమి చేయాలి?
— జీడిపప్పు వ్యాపారి, పలాస

జవాబు: 2018 అక్టోబరులో తిత్లీని మీ పలాసవారు ఎలా ఎదుర్కొన్నారో నేను వేరే చెప్పనక్కర లేదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చినప్పుడు మా ఇంట్లో రోజుల తరబడి కరెంటు లేదు. ఇంటిల్లిపాదీ వంతులు వేసుకుని రెండు గంటలకు ఒకసారి చెంబుతో నీరు ఎత్తి పైనుంచి తొట్టెలోకే ధారగా పోశాము. ఒక్క చేప కూడా పోలేదు. కారణం, వాటికి మేత పూర్తిగా ఆపేశాము. పెద్ద చేపలు వారం రోజులు ఉపవాసం సునాయాసంగా ఉండగలవు. మేత లేకపోతే మలినం తగ్గుతుంది, అమోనియా తగ్గుతుంది, ఆక్సిజన్ ఖర్చు కూడా తగ్గుతుంది. ఇప్పుడు బ్యాటరీతో నడిచే చిన్న గాలి పంపులు దొరుకుతున్నాయి, తుపాను హెచ్చరిక వచ్చిన రోజునే ఒకటి ఛార్జి చేసి పెట్టుకోండి. స్పాంజి ఫిల్టరు గంటల తరబడి ఆగిపోతే అందులోని బాక్టీరియా ఊపిరాడక చచ్చి కుళ్లుతుంది. కరెంటు వచ్చాక దాన్ని తొట్టె నుంచి తీసిన నీటిలో ఒకసారి పిండి, అప్పుడే మళ్లీ నడపండి.

వేసవి విషయానికి వస్తే, నీరు వేడెక్కే కొద్దీ అందులో కరిగే ఆక్సిజన్ తగ్గిపోతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరుకు 9 మిల్లీగ్రాములు పట్టే నీరు 30 డిగ్రీల దగ్గర ఏడున్నరే పట్టగలదు. మూత తీసి, నీటి ఉపరితలం మీదికి చిన్న ఫ్యాను తిప్పితే, ఆవిరి వల్ల రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. చేపలు పైకి దూకకుండా తొట్టె మీద దోమతెర గుడ్డ కట్టండి. ఆవిరైన నీటి స్థానంలో వాటర్ ప్లాంటు నీరే పోయాలి, ఎందుకంటే ఆవిరయ్యేది నీరు మాత్రమే, లవణాలు తొట్టెలోనే మిగిలిపోయి చిక్కబడుతుంటాయి. మంచు గడ్డలు నేరుగా వేయకండి. క్రిబెన్సిస్, బొలీవియా రామ్ వేడికి త్వరగా అలసిపోతాయి. 30 డిగ్రీల దాకా హాయిగా ఉండేది నీలి రామ్ ఒక్కటే. డిసెంబరు, జనవరి రాత్రులలో ముందుగా ముడుచుకుపోయేదీ అదే కాబట్టి, హీటరు లేకుండా దాన్ని కొనవద్దు.

ప్రశ్న: మన దేశంలో పుట్టిన సిక్లిడ్లు అసలు ఉన్నాయా?
— ఇంటర్మీడియెట్ విద్యార్థిని, శ్రీకాకుళం

జవాబు: ఉన్నాయమ్మా, మూడు జాతులున్నాయి. కేరళవారు కరిమీన్ అని ఇష్టంగా తినేది మీ జిల్లాకు దగ్గర్లో ఉన్న చిల్కా సరస్సులో కూడా దొరుకుతుంది, అది గాజుతొట్టెకు పెద్దదవుతుంది. రెండవది కర్ణాటక నదుల్లోనిది. మూడవది ఆరెంజ్ క్రోమైడ్, ఎనిమిది సెంటీమీటర్లు దాటని బంగారు రంగు చేప, దక్షిణ భారతం, శ్రీలంక తీరాల్లోని ఉప్పుటేరుల్లో, కయ్యల్లో ఉంటుంది. అది కఠిన జలంలో, కొద్దిపాటి ఉప్పున్న నీటిలో చక్కగా పెరుగుతుంది, తల్లిదండ్రులిద్దరూ పిల్లలను సాకుతాయి. పిల్లలు తల్లిదండ్రుల ఒంటి మీది జిగురును కొరికి తింటాయి కూడా. మన తీరప్రాంతపు బోరు నీటికి ఇంతకంటే తగిన చేప మరొకటి లేదు, దురదృష్టవశాత్తు దుకాణాల్లో రామ్ చేపకున్న గిరాకీ దీనికి లేదు. దొరికితే వదలకండి.

ప్రశ్న: మా క్రిబ్ పిల్లలు వందకు పైగా అయ్యాయి. తొట్టె చాలడం లేదు. ఊరి చెరువులో వదిలితే వాటి బతుకు అవి బతుకుతాయి కదా?
— ఒక రైతు, గజపతినగరం మండలం

జవాబు: దయచేసి ఆ పని మాత్రం చేయకండి. బతకకపోతే వాటికి అన్యాయం, బతికితే చెరువుకు అన్యాయం. సిక్లిడ్ల కుటుంబానికే చెందిన తిలాపియాను మన దేశానికి 1952లో మేలు కోరే తెచ్చారు. తన పిల్లలను తానే కాపాడుకునే గుణం వల్ల అది చెరువుల్లో విపరీతంగా పెరిగి దేశీయ చేపల మేతనూ చోటునూ ఆక్రమించింది. అక్వేరియంల నుంచి బయటపడిన సక్కర్ చేపలు ఈనాడు మన రాష్ట్రంలో చేపల చెరువుల రైతులకు ఎంత తలనొప్పిగా మారాయో మీకు తెలిసే ఉంటుంది. క్రిబ్ చిన్నదే అయినా దానికీ అదే గుణం ఉంది.

పిల్లలు రెండున్నర సెంటీమీటర్లకు చేరాక విజయనగరం దుకాణాలవారు కొంటారు, డబ్బు ఇవ్వకపోయినా బదులుగా మేతో, మొక్కలో ఇస్తారు. జత మళ్లీ ఈతకు సిద్ధమైతే పెద్దవాటిలో ఒకదాన్ని కొన్నాళ్లు వేరుగా ఉంచండి, అప్పుడు కొత్త పిల్లలు పుట్టవు. ఇక ఈ సంచికలో మొదటి ఉత్తరం రాసిన బొబ్బిలి సోదరి మీకు ఎంతో దూరంలో లేరు, ఆవిడ నీరూ మీ నీరూ ఒకటే రకంగా ఉండవచ్చు. వారికి అభ్యంతరం లేకపోతే మీ ఇద్దరి చిరునామాలనూ పత్రిక కార్యాలయం ద్వారా కలుపుతాము. ఆరు పిల్లలను ఇవ్వండి, పెరిగాక వాటిలో ఒక జత తమంతట తామే కుదురుకుంటుంది. చేపలతో పాటు మీ తొట్టె నీరు ఒక అయిదు లీటర్ల క్యానుతో పంపండి. చేపలున్న ఆ నీటిలో వారి తొట్టె నీటిని గంటసేపు కొద్దికొద్దిగా కలుపుకుంటూ వచ్చి, ఆ తరువాత చేపలను వదిలితే సరిపోతుంది.